అత్తయ్య బస్సు పీట

సోమవారం పొద్దున మా అత్తయ్య పోయారు. కాఫీ కలిపి ఆవిడ గదిలోకి తీసుకెళ్లేసరికి మంచం మీద కూర్చుని, గోడకు వీపు ఆనించి, కళ్లు మూసుకుని ఉన్నారు. రోజూ అలాగే కూర్చునేవారు కాబట్టి నాకేమీ అనిపించలేదు. "అత్తయ్యా, కాఫీ" అన్నాను. మళ్లీ అన్నాను. గ్లాసు కిటికీ మీద పెట్టి భుజం మీద చెయ్యి వేసినప్పుడు తెలిసింది. కింది అంతస్తులో ఉండే డాక్టరుగారు చెప్పుల్లేకుండా పరుగున వచ్చారు. చూసి, మావారి వీపు నిమిరారు. గుండె ఆగిపోయిందట. నిద్రలోంచి లేచి కూర్చున్నాకే జరిగి ఉంటుందని, బాధేమీ పడి ఉండరని అన్నారు. ఆ మాటనే పట్టుకుని ఉన్నాను ఇప్పటికీ.

గుమ్మం పక్కన ఆవిడ సంచి సర్ది ఉంది. బుధవారం ప్రయాణానికి ఆదివారమే సర్దుకోవడం ఆవిడ అలవాటు. మంచినీళ్ల సీసా, చేతిరుమాలు, ప్లాస్టిక్ కవరులో ఆధార్ కార్డు, మాత్రల డబ్బా, గవర్నర్‌పేటలో ఆడించిన కాఫీ పొడి పొట్లం. సంచి పక్కన పీట. కాఫీ పొడి వాసన గది నిండా ఉంది. వచ్చిన వాళ్లందరూ ముందు ఆ సంచిని చూసి, ఆ తర్వాత ఆవిడను చూసి ఏడ్చారు.

మా అత్తయ్య గురించి రాయడానికి పెద్ద విషయాలేమీ లేవు. చదువు ఐదో తరగతి. సభల్లో కూర్చోలేదు, ఎవరికీ ఉపన్యాసం చెప్పలేదు. చివరి కొన్నేళ్లలో ఆవిడ చేసిన పని ఒక్కటే. వారానికోసారి బస్సెక్కి మా అమ్మను చూసి వచ్చేవారు. ఎనభై ఏళ్లకు దగ్గరపడిన మనిషికి ఆ ఒక్క పని ఎంత పెద్దదో దగ్గరుండి చూశాను. మీ ఇంట్లోనూ పెద్దవాళ్లుంటే మీకూ తెలిసే ఉంటుంది.

మేం బెజవాడలో గవర్నర్‌పేటలో ఉంటాం. మా పుట్టిల్లు, మా అత్తవారి ఊరు రెండూ కంకిపాడు దాటాక ఒకే కాలవ గట్టు మీద ఉన్న ఊళ్లు. బస్సు మొదట మా అమ్మ ఇంటి గేటు ముందు నుంచి వెళ్లి, తర్వాత అత్తయ్య వాళ్ల ఊరు చేరుతుంది. పెళ్లయిన కొత్తలో ఇద్దరూ మామూలు వియ్యపురాళ్లే. "వదినగారూ" అంటే "వదినగారూ" అనుకునేవారు, పసుపు కుంకాలు ఇచ్చిపుచ్చుకునేవారు, చీర అంచు గురించి నాలుగు మాటలు మాట్లాడుకుని లేచేవారు. నా కాన్పు రోజుల్లో కూడా అంతకు మించి లేదు.

మామయ్యగారు పోయినప్పుడు మారింది. మా నాన్న అప్పటికే లేరు. అమ్మ ఆ నెలంతా వీలున్నప్పుడల్లా బస్సెక్కి అత్తయ్య దగ్గరకు వెళ్లేది. ఓదార్పు మాటలు చెప్పడం అమ్మకు చేతకాదు. వెళ్లి పక్కన కూర్చుని, ఇంట్లో ఏ కూర ఉంటే అది తరిగి, సాయంత్రం బస్సుకు వచ్చేసేది. తర్వాత అత్తయ్య ఊళ్లో ఇల్లు అమ్మేసి, పొలం మాత్రం ఉంచుకుని మా దగ్గరకు వచ్చారు. వచ్చిన వారానికే బస్సు ఎన్నింటికని అడిగారు.

"ఎక్కడికి అత్తయ్యా?"

"మీ అమ్మ దగ్గరికి. అప్పుడు ఆవిడ వచ్చింది. ఇప్పుడు నా వంతు."

"ఫోన్ కలుపుతాను, మాట్లాడండి."

"పలకరించడానికి ఫోను చాలు అమ్మాయ్. పక్కన కూర్చోడానికి చాలదు."

అలా మొదలైంది బుధవారం. ఆ ప్రయాణం కోసం నేనే ముందుగా కాఫీ పొడి ఆడించుకొచ్చేదాన్ని. మా అమ్మకు మా గవర్నర్‌పేటలో ఆడించిన పొడి తప్ప నచ్చదు. పదింటికల్లా ఆటోలో బస్టాండుకు తీసుకెళ్లేదాన్ని. దారి మధ్యలో ఎక్కితే సీటు దొరకదని, బస్సు బయల్దేరే చోటే ఎక్కాలని ఆవిడ పట్టు. ఎక్కేటప్పుడు ఆవిడకొక పద్ధతి ఉండేది. "ముందు చెయ్యి, తర్వాత కాలు, చివర ఊపిరి" అని పైకే అనుకుంటూ ఎక్కేవారు. కడ్డీ గట్టిగా పట్టుకున్నాకే కాలు వెయ్యాలి. రెండు కాళ్లూ పైకి చేరాకే ఊపిరి వదలాలి. వెనక తోసేవాళ్లుంటే వెనక్కి తిరిగి, "నన్ను తోస్తే బస్సు ముందుకెళ్లదు నాయనా, దానికి డ్రైవరున్నాడు" అనేవారు.

ఎప్పుడైనా ఆలస్యమై సీట్లు నిండిపోతే, పెద్దవాళ్లకని రాసి ఉన్న సీట్లో చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఎవరో కూర్చుని ఉంటారు కదా, ఆవిడ లెమ్మని అడిగేవారు కాదు. సంచి చేతిలో పెట్టి, "బాబూ, ఇది కాస్త పట్టుకుంటావా, చెయ్యి లాగేస్తోంది" అనేవారు. సంచి పట్టుకున్న ఒక్క క్షణానికి వాడే లేచేవాడు. "చూశావా, సిగ్గుపడాల్సిన పని లేకుండా లేచాడు పాపం" అని నాకు కిటికీలోంచి చెప్పి నవ్వేవారు.

అవతల చివర మా అమ్మ చూసుకునేది. బస్సు మలుపు తిరిగే వేళకు గేటు దగ్గరికొచ్చి నిలబడేది. చెయ్యెత్తిన చోట ఆగే బస్సే అది. అయినా అత్తయ్య లోపలి నుంచి "ఆపండి" అనేలోపే అమ్మ రోడ్డు మీద చెయ్యెత్తి ఉండేది. సాయంత్రం తిరుగు బస్సుకూ అంతే. అత్తయ్య చేతిలో సంచి ఉంటుంది కాబట్టి చెయ్యెత్తడం అమ్మ పని. ఎప్పుడైనా అమ్మ రావడం ఆలస్యమైతే డ్రైవరే నెమ్మది చేసి, "అమ్మగారింకా రాలేదేంటి" అని చూసేవాడట.

ఇద్దరూ మధ్యాహ్నమంతా వరండాలో కూర్చునేవారు. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనో, చింతపండు గింజ తీస్తూనో. ఒకసారి నేను కూడా వెళ్లినప్పుడు విన్నాను.

"వదినా, మీరు మా అమ్మాయి గురించి చెప్పే సంగతులన్నీ ఇక్కడితో ఆగుతాయి గదా? మా కోడలి చెవిన పడితే నా పరువు పోతుంది" అంది అమ్మ.

"మీ అమ్మాయి గురించి చెప్పాలంటే ఒక పూట చాలదు వదినా. అందుకే గదా వారం వారం వస్తున్నాను" అన్నారు అత్తయ్య.

నేను అక్కడే ఉన్నానన్నాను. "తెలుసు. అందుకే మంచివి చెప్తున్నాం" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

ఆడవాళ్లకు బస్సు ఉచితం అయ్యాక అత్తయ్య ప్రయాణం ఇంకా గర్వంగా సాగింది. మా ఇంటి ఖర్చుల పుస్తకంలో 'అత్తయ్య బస్సు' అని ఒక పద్దు రాస్తుండేదాన్ని. ఇక అక్కర్లేదు కదా అని కొట్టెయ్యబోతే ఆపారు. "సున్నా అయినా రాయమ్మాయ్. వెళ్లొచ్చానని ఉండాలి గదా." అప్పటి నుంచీ బుధవారం నాడు సున్నా రాస్తూ వచ్చాను. ఉచితం అయ్యాక బస్సులో రద్దీ పెరిగింది గాని, అందులో అత్తయ్య వయసు వాళ్లూ పెరిగారు. బుధవారం ఉదయం ఆ బస్సులో సగం తలలు తెల్లవే. ఒకావిడ చెల్లెలి దగ్గరకు, ఒకాయన కంటి మందు వేయించుకోడానికి, ఇంకొకావిడ మనవరాలి దగ్గరకు. పెద్దవాళ్లు ఎక్కువగా చూడ్డానికి వెళ్లేది పెద్దవాళ్లనే అని నాకు అక్కడే తెలిసింది. చిన్నవాళ్లం వాళ్లను కార్లో తిప్పుతాం అనుకుంటాం. మన ఆదివారాలు మనకే సరిపోవు.

పోయినేడు ఎండలు తగ్గుతున్న రోజుల్లో అత్తయ్య బస్సు మెట్టు దగ్గర పడ్డారు. బస్సు కదల్లేదు, ఎవరూ తొయ్యలేదు. మెట్టే ఎత్తు. ఆ రోజు వచ్చిన బస్సు మెట్టు ఆవిడ మోకాలి దాకా ఉంది. చెయ్యి పట్టుకున్నారు, కాలు ఎత్తారు, సగంలో మోకాలు మొరాయించింది. మణికట్టు విరిగింది. కట్టు వేయించుకుని ఇంటికొచ్చాక మావారు తల్లికి ఎదురుగా కూర్చుని చెప్పారు.

"అమ్మా, ఇక బస్సుల్లేవు. ఎక్కడికి వెళ్లాలన్నా నేను కార్లో తీసుకెళ్తాను. ఆదివారం ఆదివారం."

అత్తయ్య తలూపారు. ఆయన మాట తప్పే మనిషి కాదు. కాని ఒక ఆదివారం ఎవరిదో గృహప్రవేశం, ఒక ఆదివారం వాన, ఒక ఆదివారం ఆయనకే ఒంట్లో బాగోలేదు. వెళ్లిన ఆదివారం ఏసీకి అత్తయ్యకు వాంతి వచ్చింది. అమ్మ దగ్గర కాసేపు కూర్చున్నాక మావారు గడియారం చూశారు. చూడకూడదనుకుంటూనే చూశారు. తిరిగొచ్చాక అత్తయ్య నాతో మెల్లగా అన్నారు, "కార్లో వెళ్తే వెళ్లినట్టు లేదమ్మాయ్. దింపి, మళ్లీ ఎత్తుకొచ్చినట్టుంది."

ఫోనులో పిలిచే కారు కూడా ప్రయత్నించాం. కాలవ గట్టు అనేసరికి తిరుగు కిరాయి దొరకదని ఒకతను రానన్నాడు. ఇంకొకతను వచ్చి, ఫోనులో వచ్చిన అంకెలు చెప్పమన్నాడు. "నేనెవరో చెప్తే చాలదా బాబూ, అంకెలెందుకు?" అన్నారు అత్తయ్య.

ఆ రోజుల్లోనే మా అమ్మ స్నానాల గదిలో జారిపడింది. తుంటి ఎముక. ఆపరేషన్ అయ్యాక వాకరు పట్టుకుని మంచం నుంచి వరండా దాకా వస్తే గొప్ప. ఇక్కడ ఒకరు చేతికి కట్టుతో, అక్కడ ఒకరు వాకరుతో. మధ్యలో గంటన్నర బస్సు దారి సముద్రమైపోయింది. అమ్మ దగ్గరే ఉండే మా తమ్ముడి భార్య, మా మరదలు, వీడియో కాల్ చేసేది. ఫోను ఎలా పట్టుకోవాలో ఇద్దరికీ తెలీదు.

"మీ నుదురే కనపడుతోంది వదినా" అనేవారు అత్తయ్య.

"మీదీ అంతే. పోన్లెండి, బొట్టు పెట్టుకున్నారో లేదో తెలుస్తోంది" అనేది అమ్మ. మామయ్యగారు పోయిన తర్వాత కూడా అత్తయ్య చిన్న బొట్టు పెట్టుకోవడం మానలేదు. మానవద్దని చెప్పింది అమ్మే.

ఫోను పెట్టేశాక అత్తయ్య చాలాసేపు ఆ చీకటి తెర వంక చూస్తూ ఉండేవారు. అన్నం తగ్గింది. సాయంత్రం మెట్లు దిగి కింద నడిచే అలవాటు మానేశారు. "కాళ్లు ఇంట్లో పెట్టుకు కూర్చుంటే అవి మనల్ని మర్చిపోతాయమ్మాయ్" అన్నారు ఒకరోజు కాళ్లు రాసుకుంటూ. మా అమ్మ కూడా అక్కడ వాకరు ముట్టుకోనంటోందని తమ్ముడు ఫోన్ చేశాడు. ఒకరు వెళ్లక, ఒకరు ఎవరికీ ఎదురురాక, ఇద్దరూ చెరో చోట ఆగిపోతున్నారని నాకు భయం వేసింది. చేతి కట్టు విప్పిన రోజు అన్నాల దగ్గర ఆ మాటే చెప్పాను. మావారికి కోపం వచ్చింది.

"మళ్లీ పడితే? ఈసారి చెయ్యి కాదు, తుంటి పోతుంది. మీ అమ్మను చూడట్లేదా?"

అప్పుడు అత్తయ్య కంచంలో చెయ్యి ఆపి అన్నారు. గొంతు పెంచలేదు.

"ఒరేయ్, పడ్డావని ఆపేసి ఉంటే నీకు నడకొచ్చేది కాదురా."

మావారు మజ్జిగ పోసుకుని లేచిపోయారు. మర్నాడు ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చారు. ఎక్కడికి వెళ్లారంటే చెప్పలేదు. తర్వాత తెలిసింది, బస్టాండుకు వెళ్లి, ఆ దారి బస్సులు ఒక్కొక్కటే వస్తుంటే టేపు పెట్టి మెట్టు ఎత్తు కొలిచారట. ఎవరో వచ్చి ఏం చేస్తున్నారని అడిగితే, "మా అమ్మ ఎక్కాలండీ" అన్నారట. కొలుచుకోమని అతనే టేపు రెండో కొస పట్టుకున్నాడట.

ఆ వారం చివర వడ్రంగి దగ్గర నుంచి పీట వచ్చింది. మా వంటింటి తలుపు మార్చినప్పుడు మిగిలిన టేకు ముక్కతో చేయించారు. రెండు పాదాలు పట్టేంత వెడల్పు, బస్సు మెట్టుకు సరిగ్గా సగం ఎత్తు. జారకుండా కాళ్ల కింద రబ్బరు ముక్కలు. పక్కన చిల్లు పెట్టి, అందులోంచి బారెడు తాడు. పీట నేల మీద పెట్టి, దాని మీద నుంచి బస్సెక్కి, తాడు పట్టి పీటను పైకి లాక్కోవాలి. మావారు దాన్ని తల్లి మంచం పక్కన పెట్టి, "ఇదుగో" అన్నారు. అంతే అన్నారు. అత్తయ్య పీటను ఒళ్లో పెట్టుకుని దాని అంచులు తడిమి చూశారు. "నున్నగా చేయించావురా" అన్నారు.

ఆ బుధవారం బస్టాండులో నవ్వినవాళ్లు నవ్వారు. ఆ బస్సులో ఎక్కువగా ఉండే కండక్టరమ్మ నడుము మీద చెయ్యి పెట్టుకుని చూసి, "ఏంటి మామ్మగారూ, సింహాసనం తెచ్చుకున్నారా?" అంది. "ఎక్కడానికే తల్లీ, కూర్చోడానికి కాదు" అని అత్తయ్య పీట మీద నుంచి హాయిగా ఎక్కేశారు. ముందు చెయ్యి, తర్వాత కాలు, చివర ఊపిరి. తాడు లాగబోతుంటే కింద నుంచి ఇంకొకావిడ, "అమ్మా, ఒక్క నిమిషం, ఉంచండి" అంది. ఆవిడ ఎక్కింది. ఆవిడ వెనక ఒక ముసలాయన ఎక్కాడు. రెండు మూడు వారాల్లో ఆ బస్సు దగ్గర పీటకు వరస ఏర్పడింది. అత్తయ్య లోపల తాడు పట్టుకుని నిలబడేవారు, అందరూ ఎక్కాక లాక్కునేవారు. కండక్టరమ్మ తలుపు దగ్గర నుంచి అరిచేది, "పీట ఎక్కిందా? రైట్ రైట్."

ఆ మాట వినపడితేనే నేను ఇంటికి బయల్దేరేదాన్ని.

దిగే చోట కూడా పద్ధతి మారింది. నిలబడే ఓపిక లేదు కాబట్టి అమ్మ కోసం మరదలు గేటు బయట ప్లాస్టిక్ కుర్చీ వేసేది. వాకరుతో అక్కడి దాకా రావడం అమ్మకు వారానికి ఒక పరీక్ష. కుర్చీలో కూర్చుని చెయ్యెత్తేది. బస్సు ఆగేది. ముందు పీట దిగేది, తర్వాత అత్తయ్య. సాయంత్రం వెళ్లేటప్పుడు అత్తయ్య పైనుంచి తాడు లాక్కుంటూ, "వెళ్లొస్తా వదినా" అనేవారు. అమ్మ, "ఊ, రండి" అనేది. బస్సు కదిలాక కూడా కాసేపు చెయ్యి దించేది కాదట.

కిందటి నెలలో వెళ్లినప్పుడు అమ్మ దగ్గర కాఫీ పొడి అయిపోవస్తోంది. "వచ్చే బుధవారం తెస్తాను" అని వచ్చారు. ఈలోగా జలుబు, దగ్గు. ఒక బుధవారం మానేశారు, ఇంకో బుధవారం నేనే ఆపాను. ఆదివారానికి బాగా తేరుకున్నారు. కాఫీ పొడి ఆడించుకు రమ్మన్నారు, సంచి సర్దారు. పీట కాళ్ల రబ్బరు ఒకటి వదులైతే కొడుకు చేత బిగింపజేసుకున్నారు. "మీ అమ్మ ఈపాటికి అక్కడి కొట్లో పొడి తాగి తిట్టుకుంటూ ఉంటుంది" అన్నారు పడుకోబోయే ముందు. నాతో అన్న చివరి మాట అది.

మామయ్యగారిని సాగనంపింది వాళ్ల పొలం గట్టునే. అత్తయ్య కూడా అక్కడికే వెళ్లాలి. కాబట్టి ఆ మధ్యాహ్నం ఆవిడను తీసుకెళ్లే బండి కూడా కంకిపాడు దాటి, కాలవ గట్టు ఎక్కి, అమ్మ ఇంటి ముందు నుంచే వెళ్లాలి.

బయల్దేరే ముందు తమ్ముడు ఫోన్ చేశాడు. 

"అక్కా, మా వీధి సంగతి నీకు తెలుసుగా. ఆ బండి ఒకళ్ల ఇంటి ముందు ఆగితే అరిష్టం అంటారు. అందరూ తలుపులు వేసుకుంటారు. అమ్మను తీసుకొద్దామంటే కార్లో కూర్చోలేదు, కాలు మడవలేదు. అమ్మను లోపలి గదిలో ఉంచుతాను. బావగారిని ఏమీ అనుకోవద్దని చెప్పు."

సరే అన్నాను. ఏమంటాను? నేను పుట్టిన ఊరే అది. చిన్నప్పుడు అలాంటి బండి వస్తుంటే మా నాయనమ్మ మమ్మల్ని లోపలికి లాగి తలుపు గడియ వేసేది. మావారికి చెప్పాను. ఆయన తలూపారు. ఇన్నాళ్లూ ఎదురుచూసిన ఇద్దరూ ఇంక చూసుకోరని మా ఇద్దరికీ అర్థమైంది. 

బయల్దేరేటప్పుడు సంచి, పీట ఆవిడ కాళ్ల దగ్గర పెట్టాను.  పీట వచ్చాక ఆ దారిలో అవి లేకుండా ఆవిడ ఎప్పుడూ వెళ్లలేదు. మావారు ముందు డ్రైవరు పక్కన కూర్చున్నారు, నేను వెనక అత్తయ్య దగ్గర. బండి లోపల పూల వాసన కంటే కాఫీ పొడి వాసన ఎక్కువగా ఉంది. బెంజి సర్కిల్ దగ్గర ఆగాం, కానూరులో ఆగాం, ఎప్పుడూ బస్సు ఆగే చోట్లన్నిటా ఏదో అడ్డం వచ్చి ఆగాం. కంకిపాడు దాటాక రెండు వైపులా కోతకొచ్చిన వరి. ఆవిడ ఎప్పుడూ కిటికీ వైపే కూర్చునేవారు. నేను ఆవిడ బదులు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

మలుపు తిరిగాక వీధిలో తలుపులు మూసి ఉన్నాయి. తమ్ముడి గేటు మాత్రం బార్లా తీసి ఉంది. గేటు బయట, రోడ్డు వారన, ప్లాస్టిక్ కుర్చీలో మా అమ్మ. ముందర వాకరు. కుడి చెయ్యి పైకెత్తి ఉంది.

డ్రైవరు బండి నెమ్మది చేసి, "ఎవరో పెద్దావిడ ఆపుతున్నారండీ. ఇక్కడ ఆపకూడదు కదండీ?" అన్నాడు.

మావారు, "ఆపండి. ఇక్కడ ఆవిడ చెయ్యెత్తితే ఆపాలి" అన్నారు.

తర్వాత మరదలు చెప్పింది. గదిలో పడుకోమంటే అమ్మ వినలేదట. గేటు వేస్తానని తమ్ముడు అంటే, "ఏ బండైతే ఏంట్రా, అందులో వచ్చేది మా వదిన. నేను లోపల దాక్కుని గేటు వేస్తే ఆవిడ ఎక్కడ దిగుతుంది?" అందట. కుర్చీ తనే వాకరుతో తోసుకుంటూ రాబోతే మరదలు పరుగెత్తి అందుకుందట.

ఎదురింటి పెద్దాయన తలుపు తీసుకుని మెట్ల మీదకొచ్చారు. ఏదో అనడానికే వచ్చారు. అమ్మను చూసి, భుజం మీది కండువా తీసి చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

బండి వెనక తలుపు తీశారు. అమ్మ వాకరు మీద లేచి, బండి ఎత్తు చూసి, నన్ను చూసింది.

"పీట తెచ్చావా?"

తీసి కింద పెట్టాను. ఒక చెయ్యి తమ్ముడు, ఒక చెయ్యి మావారు పట్టుకున్నారు. "ముందు చెయ్యి" అంది అమ్మ తనలో తను. "తర్వాత కాలు." పీట మీదకెక్కింది. అత్తయ్య పీట మీద అమ్మ కాలు పెట్టడం అదే మొదలు. ఇన్నాళ్లూ ఆ పీట అమ్మ దగ్గరకు రావడానికే పనికొచ్చింది. ఊపిరి మాత్రం వదల్లేకపోయింది. కడ్డీ పట్టుకుని వంగి, అత్తయ్య నుదురు మీద చెయ్యి పెట్టింది. బొట్టు పక్కకు జరిగి ఉంటే వేలితో సరిచేసింది.

"కాఫీ అయినా తాగకుండా వెళ్తున్నారేం వదినా" అంది.

 నలుగురూ ఏడుస్తుంటే తను ఏడవలేదు. మామయ్యగారు పోయిన నెలలో అత్తయ్య పక్కన కూర్చున్నట్టే, మాటల్లేకుండా, నిలబడగలిగినంతసేపు నిలబడింది. తర్వాత తమ్ముడు, మావారు మెల్లగా కిందకు దింపారు. నేను సంచిలోంచి కాఫీ పొడి పొట్లం తీసి మరదలి చేతిలో పెట్టాను. బండి తలుపు వేశారు.

"బయల్దేరదామా అండీ?" అన్నాడు డ్రైవరు.

"రైట్ రైట్" అనడానికి కండక్టరమ్మ లేదు. కాసేపు చూసి అతనే బండి కదిలించాడు. నేను వెనక అద్దంలోంచి చూశాను. పీట రోడ్డు మీదే ఉండిపోయింది. దాని తాడు కొస మా అమ్మ చేతిలో ఉంది. లాక్కునేవాళ్లు లేక మిగతా తాడు నేల మీద వదులుగా పడి ఉంది, అమ్మ ఆ కొస పట్టుకునే మా వైపు చూస్తోంది.